పెద్దాయన రైఫిలూ, ఆ పిల్ల అడిగిన ప్రశ్నా

ఒరేయ్ బావా,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. దసరాకి రాస్తానని చెప్పి దీపావళి కూడా దాటించేశా, సారీరా. ఇక్కడ అంతా బానే ఉన్నారు, అమ్మ మోకాలు నొప్పి తగ్గింది, చిన్నోడికి ముందు పళ్ళు రెండూ ఊడాయి, ఆఫీసులో ఎప్పుడూ ఉండే వాల్వుల గోలే, ఈ పెన్సిల్వేనియా చలి మొదలైపోయింది.  సరే, అయిపోయాయి వార్తలు. నాలుగు రోజుల్నుంచీ ఒక విషయం ఎవరికైనా చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు, మా ఆవిడకి సగం చెప్పేసరికి తనకి నిద్రొచ్చేసింది. నువ్వైతే వింటావు, మీ తాత తుపాకీ పక్కన పెరిగినోడివి కదా.

మా పక్కింటి పెద్దాయన గురించి ఇంతకుముందు రాశా కదా, మంచు పడితే మన ఇంటి ముందు కూడా ఆయనే ఊడ్చేస్తాడు, ఆయన. వీళ్ళకి థాంక్స్‌గివింగ్ తర్వాత శనివారం జింకల సీజన్ మొదలు. ఇదివరకు సోమవారం ఉండేది, 2019 నుంచి శనివారం చేశారు, దాని మీద కూడా ఇప్పటికీ గొడవే, అది వదిలెయ్. సీజన్‌కి ముందు అందరూ క్లబ్ రేంజ్‌కి పోయి రైఫిల్ సరిచూసుకుంటారు, వంద గజాల దూరంలో కాగితం పెట్టి, ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించి, గురి చూసే స్కోపు సరిగ్గా ఉందా లేదా అని. నన్ను కూడా రమ్మన్నాడు. నేను తుపాకీ కొనలేదు, కొనను కూడా, పిల్లలున్న ఇల్లు. కానీ ఆయన పిలిస్తే కాదనలేను, పోయా.

ఆయన దగ్గరుండేది రెమింగ్టన్ 700 రైఫిల్, థర్టీ ఆట్ సిక్స్ అనే సైజు తూటా వేసేది, 1970ల నాటిది, వాళ్ళ నాన్న కొన్నది. చెక్క మీద చెయ్యి పెట్టే చోట పాలిష్ మొత్తం పోయి నున్నగా అయిపోయింది. ఆయన బావమరిదిది వించెస్టర్ మోడల్ 70, అదీ 1964కి ముందుది. ఈ ‘64కి ముందు’ అనే మాట ఆయన నోట్లోంచి ఎన్నిసార్లొచ్చిందో లెక్క పెట్టలేం. 1964లో వించెస్టర్ వాళ్ళు ఖర్చు తగ్గించుకోడానికి డిజైన్ మార్చేశారు, తూటాని పట్టి లాగే పెద్ద కొక్కెం ఒకటుండేది, జర్మన్ మౌజర్ రైఫిల్ నుంచి వచ్చింది, అది తీసేశారు. జనం ఎంత మండిపడ్డారంటే అరవయ్యేళ్ళయినా మర్చిపోలా, ఆ సంవత్సరానికి ముందువి అయితే ఇప్పటికీ ఎక్కువ పెట్టి కొంటారు. తర్వాత కంపెనీయే దిగొచ్చి 1990ల్లో ఆ కొక్కెం మళ్ళీ పెట్టింది. అయినా ఈయనకి కోపం పోలేదు. మూడోది పెద్దాయన అల్లుడిది, టిక్కా, ఫిన్లాండ్‌ది. ప్లాస్టిక్ స్టాకు, ప్లాస్టిక్ మ్యాగజీను. పెద్దోళ్ళిద్దరూ దాన్ని చూసే చూపే వేరు.

మధ్యాహ్నం దాకా ఇదే. బావమరిదేమో “అడవిలో రైఫిల్ తలకిందులుగా ఉన్నా నా కొక్కెం తూటాని వదలదు” అంటాడు, పెద్దాయనేమో “మెరీన్ సైనికులు వియత్నాంకి దేన్ని పట్టుకుపోయారో చూడు, 1966లో స్నైపర్ రైఫిల్‌గా ఎం40 అని పేరు పెట్టి తీసుకుంది నా రైఫిల్నే” అంటాడు, బావమరిది “వియత్నాంలో పేరు మోసిన స్నైపర్ హాత్‌కాక్ చేతిలో ఉన్నది వించెస్టర్” అని ఇంకోటి విసుర్తాడు, అల్లుడేమో మాట్లాడకుండా కాగితం తెచ్చి చూపిస్తాడు, మూడు బుల్లెట్ల రంధ్రాలూ ఒకదాన్నొకటి ముట్టుకుంటూ. నిజం చెప్పొద్దూ, ఆ ముగ్గురి కాగితాలూ నేను పక్కపక్కన పెట్టి చూశా, వంద గజాల జింకకి ఆ తేడా ఏ మాత్రం తెలీదు. ఇక్కడ జింకలకి సెమీ ఆటోమేటిక్, అంటే తర్వాతి తూటా దానంతటదే ఎక్కే రైఫిల్, వాడకూడదని రూలు, అందుకే వాళ్ళ వాదనంతా చేత్తో లాగే ఈ బోల్ట్ రైఫిళ్ళ చుట్టూనే తిరుగుద్ది.

నాకు మీ తాతే గుర్తొచ్చాడ్రా. కందిచేలో పందులు పడ్డ రాత్రి, ఆ ఇంగ్లీషు డబుల్ బారెల్ భుజాన వేసుకుని “వెబ్లీ అబద్ధం ఆడదు” అనేవాడు చూడు! మార్కాపురం పోలీస్ స్టేషన్లో ఎలక్షన్లకి డిపాజిట్ చేసి తెచ్చుకునేటప్పుడు, పక్కనాయన చేతిలో మన దేశంలో చేసిన ఇచ్చాపూర్ తుపాకీ చూసి ఆయన అన్న మాట... అది రాయన్లే, నీకు తెలుసు.

ఇంక అసలు సంగతికొస్తున్నా.

సాయంత్రం అందరం పెద్దాయన గ్యారేజీలో కూర్చున్నాం, రైఫిళ్ళు తుడుస్తున్నారు. ఆయన మనవరాలు ఉంది, పన్నెండేళ్ళు. ఇక్కడ పన్నెండు నిండితే వేట లైసెన్సు ఇస్తారు, ముందు జాగ్రత్తలు నేర్పే క్లాసు పాసవ్వాలి, పాసైంది. ఈ సంవత్సరం ఆ రైఫిల్ ఆ పిల్ల చేతికివ్వాలని పెద్దాయన కోరిక, ఆయన చేతికి వాళ్ళ నాన్న ఇచ్చింది కూడా ఆ వయసులోనేనట, వేరే రైఫిల్ అనుకో. సరే, ఖాళీ రైఫిలే, రెండుసార్లు చూసుకున్నారు, డమ్మీ తూటాలు పెట్టి ఎక్కించడం దించడం నేర్పిస్తున్నాడు. ఎక్కించింది. పేలకుండా ఆపే మీట, సేఫ్టీ, వేసింది. “ఇప్పుడు దించు” అన్నాడు. ఆ పిల్ల బోల్ట్ లాగింది, రాలేదు. “సేఫ్టీ తీస్తే గానీ రాదు” అన్నాడు ఆయన. ఆ పిల్ల ఆగిపోయి, “తాతా, కాల్చడానికి సిద్ధమైతే తప్ప సేఫ్టీ తీయొద్దని క్లాసులో చెప్పారు కదా, మరి తూటాలు తీసేయడానికి సేఫ్టీ ఎందుకు తీయాలి?” అంది.

ఒరేయ్, గ్యారేజీలో ఒక్కరు మాట్లాడితే ఒట్టు.

ముందు బావమరిదే తేరుకున్నాడు. తన వించెస్టర్ తీసి చూపించాడు, దాని సేఫ్టీకి మూడు చోట్లుంటాయి, మధ్యలో పెడితే తూటాని కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ను కట్టేసే ఉంటుంది కానీ బోల్ట్ తెరుచుకుంటుంది, తూటాలు తీసుకోవచ్చు. ఆయన మొహం వెలిగిపోయింది. అల్లుడు ఏదో అనబోతే “నీది కూడా సేఫ్టీ తీస్తే గానీ తెరుచుకోదు” అని వాడి నోరు కూడా మూయించాడు, అది నిజమే, టిక్కాలో సేఫ్టీ వేస్తే బోల్ట్ బిగుసుకుంటుంది. కానీ అల్లుడు అప్పుడన్నాడు, చాలా మెల్లగా అన్నాడు, “నాది సేఫ్టీ తీస్తే లోపల ఏముందో నాకు తెలుసు మామా, మీది తీస్తే లోపల ఏముంది?” అని.

ఇక్కడ నీకు కాస్త మెకానిజం చెప్పాలి, చెప్పకపోతే నాకే తృప్తి ఉండదు. ఆ పాత రెమింగ్టన్లలో వాకర్ ట్రిగ్గర్ అని ఉంటుంది, మైక్ వాకర్ అనే ఇంజనీరు చేసింది, 700 రాకముందు, 1940ల్లోనే. ట్రిగ్గర్‌కీ, పిన్నుని ఆపే సియర్‌కీ మధ్యలో కనెక్టర్ అని ఒక చిన్న రేకు. అది దేనికీ బిగించి ఉండదు, స్ప్రింగు నెడితే ట్రిగ్గర్‌కి ఆనుకుని ఉంటుంది, అంతే. కాల్చిన ప్రతిసారీ ట్రిగ్గర్ నుంచి కొంచెం విడిపోయి మళ్ళీ వెనక్కి రావాలి. మెత్తగా, శుభ్రంగా లాగొచ్చని షూటర్లకి ఆ ట్రిగ్గర్ అంటే ప్రాణం. కానీ మధ్యలో దుమ్మో, చలికి గడ్డకట్టిన నూనో అడ్డుపడితే అది పూర్తిగా వెనక్కి రాదు, అంటే సియర్ కింద ఆనింపు సరిగా ఉండదు, సేఫ్టీ వేసుంది కాబట్టి ఆగి ఉంటుంది, సేఫ్టీ తీయగానే ట్రిగ్గర్ ముట్టుకోకుండానే పేలొచ్చు. 1982 దాకా చేసినవాటికి పైగా ఈ బోల్ట్ తాళం ఒకటి, సేఫ్టీ తీస్తే గానీ బోల్ట్ తెరుచుకోదు. ఇక్కడ తూటా ఎక్కించిన రైఫిల్ బండిలో పెట్టకూడదు, కాబట్టి ప్రతి వేటగాడూ ప్రతి సాయంత్రం బండి దగ్గర, పక్కన నలుగురు ఉండగా, సేఫ్టీ తీసి దించాల్సిందే.

2000లో మోంటానాలో సరిగ్గా ఇదే జరిగింది. వేట నుంచి వచ్చి ఒక తల్లి రైఫిల్ దించబోతూ సేఫ్టీ తీసింది, పేలింది, గుర్రాల ట్రైలర్ లోంచి దూసుకుపోయి అవతల వైపున్న తొమ్మిదేళ్ళ కొడుక్కి తగిలింది. ఆ తండ్రి తర్వాత ఏళ్ళ తరబడి కంపెనీ పాత కాగితాలు తవ్వాడు. 1940ల్లో వాకరే స్వయంగా దీనికి ఒక అడ్డు పెడదామని రాసిన మెమో బయటపడింది, తుపాకీకి అయిదున్నర సెంట్ల ఖర్చట! పెట్టలేదు. కంపెనీ మాత్రం చివరిదాకా మా డిజైన్ మంచిదే, జనం సరిగా చూసుకోకో, ట్రిగ్గర్‌ని కెలికో తెచ్చుకున్నారు అనే అంది. మళ్ళీ 2006 నుంచి వచ్చిన కొత్త ట్రిగ్గర్ని కూడా 2014లో వేరే కారణంతో వెనక్కి పిలిచారు. కోర్టులో ఒప్పందం కుదిరి దాదాపు 75 లక్షల తుపాకులకి ట్రిగ్గర్ మార్చిస్తామన్నారు, 2018 చివర్నుంచి ఏడాదిన్నర గడువు, ఆ గడువు ఎప్పుడో పోయింది. పెద్దాయన దరఖాస్తు పెట్టలేదు. “నా రైఫిల్ ఎప్పుడైనా తప్పు చేసిందా?” అదే మాట అప్పుడూ, ఇప్పుడూ.

ఆ రోజు గ్యారేజీలో కూడా అదే అన్నాడు, మొహం ఎర్రబడిపోయింది. “మా నాన్న ఇరవయ్యేళ్ళు మోశాడు, నేను ముప్పయ్యేళ్ళు మోశా, ఒక్కసారి, ఒక్కసారైనా...” అని ఆగిపోయాడు. ఆ పిల్ల రైఫిల్ బల్ల మీద పెట్టింది, గొట్టం గోడ వైపు, క్లాసులో నేర్పినట్టే. లోపలికి వెళ్ళిపోయింది. అల్లుడు కూడా వెళ్ళాడు. నేను ఎప్పుడు లేవాలో తెలీక అట్టాగే కూర్చున్నా.

బావా, వీళ్ళని తేలిగ్గా తీసేయకు. పెద్దాయనకి ఆ కంపెనీ అంటే ప్రేమ అనుకుంటే పొరపాటు. ఏ కంపెనీ? 1816లో న్యూయార్క్‌లో ఇలియన్ దగ్గర మొదలైంది, 2018లో ఒకసారి, 2020లో ఒకసారి దివాళా తీసింది, ముక్కలు చేసి అమ్మేశారు, ఇలియన్ ఫ్యాక్టరీ కూడా 2024లో మూసేశారు. ఆయన పట్టుకున్నది వాళ్ళ నాన్నని. ఎవరైనా ఆ ట్రిగ్గర్‌ని ఒక మాటంటే వాళ్ళ నాన్న తెలివితక్కువగా కొన్నాడన్నట్టు వినపడుతుంది ఆయనకి. అది నాకు అర్థమైంది. కానీ నమ్మకానికి ఆయన చూపించే సాక్ష్యం మాత్రం నేను ఒప్పుకోలేను. ఒక రైఫిల్, సంవత్సరానికి నాలుగైదు గుండ్లు, యాభయ్యేళ్ళు... లక్షల్లో ఉన్న డిజైన్ గురించి అదేం చెప్పుద్ది? బావమరిది కొక్కెం కథ అంతే, తలకిందులుగా ఎప్పుడు కాల్చాడు ఆయన! అల్లుడి మూడు బుల్లెట్ల కాగితం అంతే. అందరూ తమకి కలిసొచ్చిన దాన్నే నమ్మకం అంటున్నారు. ఆ పిల్ల ఒక్కతే లోపల ఎట్టా పనిచేస్తుందని అడిగింది.

తర్వాత రోజు పొద్దున కంచె దగ్గరికి వచ్చాడు, కాఫీ కప్పు పట్టుకుని. కాసేపు ఆకుల గురించి మాట్లాడాడు. తర్వాత, “నువ్వు వాల్వుల పని చేస్తావు కదా, దేనికీ బిగించని చిన్న ముక్క ఒకటి, స్ప్రింగు నెడితే వెనక్కి రావాలి. ప్రతిసారీ వస్తుందా?” అన్నాడు. నా గుండె ఝల్లుమంది. అబద్ధం చెప్పాలనిపించలా. చెప్పా, “శుభ్రంగా ఉంటే వస్తుంది, మురికి పడితే ఏదో ఒక రోజు రాదు, ఆ రోజు ఎప్పుడో ఎవరూ చెప్పలేరు, మేమైతే మనుషులు దగ్గర నిలబడే చోట అలాంటి ముక్క పెట్టం” అని. తల ఊపాడు. “మా నాన్నకి ఇది తెలిసుంటే పిల్లల మధ్య పెట్టేవాడు కాదు” అన్నాడు. నేనేం మాట్లాడలా.

ఆ సాయంత్రమే రైఫిల్ని తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కి ఇచ్చొచ్చాడు. వేరే కంపెనీ ట్రిగ్గరు, ఆ కనెక్టర్ లేనిది. బోల్ట్ తాళం కూడా లేకుండా వచ్చే సేఫ్టీ. తీసిన పాతది డబ్బాలో పెట్టిమ్మన్నాడట, పారేయొద్దని. బావమరిదికి ఈ సంగతి తెలిసి “ఇంక అది రెమింగ్టన్ ఎట్టా అవుద్ది?” అన్నాడు, అన్నాడే గానీ గన్‌స్మిత్ దగ్గరికి బండిలో తీసుకెళ్ళింది ఆయనే, ఆ విషయం ఎవరికీ చెప్పొద్దని నాకు చెప్పాడు, నీకు చెప్తున్నా. కానీ సీజన్ ముందు గన్‌స్మిత్‌ల దగ్గర పెద్ద క్యూ, శనివారానికి వస్తుందో రాదో. రాకపోతే ఆ పిల్లకి టూ ఫార్టీ త్రీ అనే చిన్న తూటా వేసే సావేజ్ రైఫిల్ ఒకటి అప్పు తెచ్చిపెట్టారు, భుజానికి దెబ్బ కూడా తక్కువ. పిల్లేమో తాత రైఫిలే కావాలని కూర్చుంది, అంత ప్రశ్న అడిగింది కూడా అదే! పెద్దాయన ఇది చెప్పేటప్పుడు ఆ మొహం చూడాల్సింది నువ్వు.

ఒరేయ్, మీ తాత వెబ్లీ ఇప్పుడు ఎవరి పేరు మీదుంది? నాయనమ్మ గదిలో బీరువా వెనకే ఉందా ఇంకా? మీ అన్నయ్య పిల్లలు సెలవులకి వస్తారు కదా, ఒకసారి తెరిచి ఖాళీగా ఉందో లేదో నువ్వే చూడు, ఎవరికీ చెప్పి చూపించొద్దు, నువ్వే. తాత పోయాక దాన్ని ఎవరైనా విప్పారా అసలు? పాత తుపాకీల పని తెలిసిన మనిషికి ఒకసారి చూపించు, లైసెన్సు కాగితాలు కూడా

ఇదిగో, చిన్నోడి స్కూలు బస్సు వచ్చేసింది, వాడు షూ వేసుకోనే లేదు. మిగతాది ఫోన్లో. వెబ్లీ సంగతి మాత్రం మర్చిపోకుండా చూసి చెప్పు.

నీ
బావ