పాత కేసు దాచమని చెప్పకండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ విదేశీ చదువుల పేజీలో ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న, దానికి వచ్చిన జవాబు చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు, అందుకే ఇది రాస్తున్నాను. కాలేజీ రోజుల్లో ఒక గొడవలో జరిమానా పడింది, పదేళ్లు దాటింది, వీసా ఫారంలో రాయాలా అని ఆయన అడిగారు. చిన్న కేసు, ఎప్పుడో ముగిసిపోయింది, చెప్పాల్సిన పని లేదు అని జవాబు. దయచేసి ఆ జవాబు తప్పని మీరే వేయండి. అచ్చంగా అదే సలహా విని మా తమ్ముడు ఐదేళ్లు పోగొట్టుకున్నాడు.

వాడికి పందొమ్మిదేళ్లప్పుడు బండి పెట్టే చోట మాటామాటా పెరిగి ఒకతన్ని కొట్టాడు. తప్పు వాడిదే, కోర్టులో ఒప్పుకున్నాడు, జరిమానా కట్టాడు, ఆ తర్వాత పద్నాలుగేళ్లలో ఎవరి మీదా చెయ్యి చేసుకున్నది లేదు. కెనడా వీసాకి పెట్టేటప్పుడు ఫారం నింపే ఏజెంటుకి ఈ సంగతి వాడే చెప్పాడు. ఆయన తల కూడా ఎత్తకుండా, "అవన్నీ ఎవరు చూస్తారు బాబూ, యస్ అని పెడితే రిజెక్టే" అంటూ నో మీద నొక్కి తర్వాతి పేజీకి వెళ్లిపోయాడు. నేను పక్కనే కూర్చున్నాను. స్క్రీన్ ఆయన వైపే ఉంది, ఒకసారి ఇటు తిప్పండి అని నేనూ అనలేదు, ఆ ఒక్క మాట అననందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఆ ప్రశ్న మేం మొదటిసారి చదివింది వివరణ ఇవ్వమంటూ ఆఫీసరు నుంచి ఉత్తరం వచ్చాక. దరఖాస్తు పంపాక అడిగిన పోలీస్ సర్టిఫికెట్‌లో పాత కేసు కనిపించింది, ఫారంలో మాత్రం లేదని ఉంది. ఏ దేశంలోనైనా, ఎప్పుడైనా నేరం చేశారా, అరెస్టయ్యారా, మీ మీద అభియోగం ఉందా, శిక్ష పడిందా అని ఫారంలో అంత స్పష్టంగా అడిగారు. చిన్నదైతే వదిలేయండి అని గానీ, గత పదేళ్లలోదే చెప్పండి అని గానీ ఎక్కడా లేదు. ఏజెంటు నింపాడని రాసి పంపాం, ఒప్పుకోలేదు, సంతకం మీదే కదా అన్నారు. అక్కడి వలస చట్టం 40వ సెక్షన్ ప్రకారం తప్పుడు సమాచారం ఇచ్చినందుకు ఐదేళ్ల నిషేధం.

అసలు బాధ ఇంకొకటి ఉంది. మేం తర్వాత ఒక లాయరు గారిని కలిస్తే తెలిసింది, అంత తీవ్రం కాని నేరం ఒక్కటే ఉండి, శిక్ష పూర్తయి పదేళ్లు దాటి, మళ్లీ ఏ కేసూ లేకపోతే ఆ మనిషి మారినట్టే లెక్కగట్టే వీలు కెనడా నిబంధనల్లోనే ఉందట. పదేళ్లు కాకుండా ఐదేళ్లే అయినా దానికి వేరే దరఖాస్తు ఉందట. అంటే నిజం చెప్పి, జరిమానా కట్టిన రసీదు జత చేసి ఉంటే ఆ కొట్లాట వాడికి అడ్డం కాకపోవచ్చు. దాచడమే అడ్డమైంది.

జనం ఎందుకు పొరబడుతున్నారో నాకు అర్థమవుతుంది. కొన్ని దేశాల్లో పాత శిక్షలు కొంతకాలం తర్వాత మామూలు ఉద్యోగాలకి చెప్పక్కర్లేదు, బ్రిటన్‌లో 1974 నుంచి ఆ చట్టం ఉంది. దాన్నే పట్టుకుని వీసాకీ అంతేలే అనుకుంటారు. కానీ అదే బ్రిటన్‌లో వీసా విషయానికి వచ్చేసరికి ఆ వెసులుబాటు పనిచేయదు, ఎంత పాతదైనా చెప్పాల్సిందే, ఇన్సూరెన్సు లేకుండా బండి నడిపి శిక్ష పడినా చెప్పాల్సిందే. మోసం చేశారని తేలితే పదేళ్ల వరకు దరఖాస్తులు తిరస్కరిస్తారు. అమెరికా వీసాకి నింపే డీఎస్-160 ఫారం ఇంకా ముందుకెళ్లి, క్షమాభిక్ష దొరికినా సరే, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతుంది, అంటే శిక్ష పడకపోయినా యస్ అనే రాయాలి. అక్కడ ముఖ్యమైన విషయం కావాలని దాచారని తేలితే జీవితాంతం అనర్హతే, ఆ తర్వాత వెళ్లాలంటే ప్రత్యేకంగా మినహాయింపు అడుక్కోవాలి.

ఒక దేశంలో కుదరకపోతే ఇంకో దేశం అనుకునేవాళ్లూ ఉన్నారు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దరఖాస్తుదారుల వేలిముద్రలు ఒకరితో ఒకరు సరిచూసుకుంటాయి. పైగా ఇంతకుముందు ఎక్కడైనా వీసా తిరస్కరించారా అని చాలా ఫారాల్లో అడుగుతారు. ఒకచోట పడిన మచ్చ వెంటే వస్తుంది.

నిజం చెప్తే అందరికీ వీసా వస్తుందని నేను అనను. ఆస్ట్రేలియాలో మొత్తం కలిపి 12 నెలలు లేదా అంతకు మించి జైలు శిక్ష పడి ఉంటే, అది అమలు కాకుండా నిలిపివేసినదైనా సరే, వీసా ఇచ్చే ముందు మనిషి ప్రవర్తన చూసే పరీక్షలో నెగ్గడం కష్టం. అమెరికాలో చిన్న నేరం ఒక్కటే అయి, దానికి గరిష్ఠ శిక్ష ఏడాది మించకుండా, పడిన శిక్ష ఆరు నెలలు దాటకుండా ఉంటే మినహాయింపు ఉంది గానీ మత్తుమందుల కేసులకి అది వర్తించదు. ఏ కేసుకి ఎలా ఉంటుందో తెలిసిన లాయరుకి తీర్పు కాపీ చూపించి అడగాలి తప్ప, ఫారానికి ఇంత అని తీసుకునే మనిషి మాట మీద నో నొక్కేయకూడదు.

చెప్పాల్సి వచ్చినప్పుడు ఎలా చెప్పాలన్నది కూడా ఎవరూ రాయరు, మీరు రాస్తే ఎంతోమందికి టెన్షన్ తగ్గుతుంది. తీర్పు సర్టిఫైడ్ కాపీ, జరిమానా రసీదు, అవసరమైతే వాటి అనువాదం, ఏం జరిగిందో తేదీలతో ఒక పేజీ ఉత్తరం. ఆ ఉత్తరంలో ఎదుటివాడిదే తప్పని వాదించకుండా, జరిగింది జరిగినట్టు, ఆ తర్వాత ఎలా బతికారో రాస్తే చాలని లాయరు గారు చెప్పారు. ఇప్పటికే తప్పు టిక్ పెట్టి పంపేసినవాళ్లు ఉంటే, ఆఫీసరు అడిగేదాకా ఆగకుండా ఈ రోజే సరిదిద్దుతూ రాయండి. వాళ్లు పట్టుకున్నాక చెప్పడం వేరు, మనమే ముందు చెప్పడం వేరు.

నేను అడిగేది రెండే. మొదటిది, ఆ జవాబుకి సవరణ అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి, ఫారంలోని ప్రశ్నని పూర్తిగా తెలుగులో పెట్టి మరీ వేయండి. రెండోది, డబ్బు తీసుకుని ఫారాలు నింపేవాళ్లు పంపే ముందు ప్రతి పేజీ దరఖాస్తుదారుకి చూపించి, చదివించి, కాపీ చేతికివ్వాలన్న నిబంధన రావాలని మీ పత్రిక తరఫున గట్టిగా రాయండి. ఆ రోజు ప్రశ్న చదివి ఉంటే మా వాడు నో అననిచ్చేవాడు కాదు, వాడు అసలు దాచే మనిషి కాదు.

ప్రశ్న పంపిన ఆ పాఠకుడి చిరునామా మీ దగ్గర ఉండే ఉంటుంది. సవరణ అచ్చయ్యేదాకా ఆగకుండా ఆయనకి ముందు ఒక ఫోన్ చేసి చెప్పండి, ఫారం ఇంకా పంపి ఉండకపోవచ్చు.

— ఒక పాఠకురాలు