పాదాంగ్ బెసార్ స్టేషన్లో టీ ఇచ్చిన ఆవిడకి

అందరికీ నమస్కారం. నిన్న రాత్రే బరంపురం వచ్చీసాం. బ్యాగులు ఇంకా హాల్లోనే పడున్నాయి, నా కాళ్ళ వాపు తగ్గలేదు, కానీ ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు, అందుకే కూర్చున్నాను.

రిటైరైన దగ్గర్నుంచి మా వారికి ఒకటే కోరిక, ఓడెక్కాలి అని. మా వైపు ఓడంటే గోపాలపూర్, గోపాలపూర్ అంటే రంగం, అదే బర్మాలో రంగూన్. మా తాత అక్కడ స్టీమరెక్కి రంగం వెళ్ళి, జపాన్ వాళ్ళ బాంబులు పడ్డాక 1942లో అడవుల్లోంచి నడిచి తిరిగొచ్చినవాడు. మేమైతే వైజాగ్‌లో విమానమెక్కి సింగపూర్ దిగి, నాలుగు రాత్రుల క్రూయిజ్‌లో పెనాంగ్, ఫుకెట్ చూసి మళ్ళీ సింగపూర్‌కే వచ్చాం. ఓడ కబుర్లు ఇంకోసారి చెప్తాను. అక్కడితో ఆగకుండా బ్యాంకాక్ దాకా రైల్లోనే వెళ్దామన్నారు ఈయన. సింగపూర్‌లో ఉడ్‌లాండ్స్ నుంచి మలేషియాలో జొహోర్ బహ్రూకి షటిల్ రైలు, ఎక్కి కూర్చునేలోపు ఐదు నిమిషాల్లో వచ్చేసింది, అక్కణ్ణుంచి కౌలాలంపూర్‌కి బస్సు, మళ్ళీ పొద్దున్నే ఈటీఎస్ అనే మలేషియా కరెంటు రైలు. ఆ రైలుకి ఆఖరి స్టేషన్ పాదాంగ్ బెసార్, అంటే మలేషియాకీ థాయిలాండ్‌కీ బోర్డర్. రెండు దేశాల ఇమిగ్రేషన్ కౌంటర్లూ ఒకే స్టేషన్లో ఉంటాయి. మనకి ఇచ్ఛాపురం దాటితే బోర్డుల మీద అక్షరాలు మారతాయి అంతే, అక్కడ గడియారం కూడా మారుతుంది. అది నాకు తెలీదు.

ఆ రోజు పొద్దున్న ఆరున్నరకి ఆయన షుగర్ మాత్ర వేసుకుని రెండు బ్రెడ్ ముక్కలు తిన్నారు. తర్వాత ఏది శాకాహారమో ఏది కాదో తెలీక ఏమీ ముట్టుకోలేదు. నేనూ గట్టిగా చెప్పలేదు, తప్పు నాదే. స్టేషన్లో మేడ మీద క్యాంటీన్ ఉంటే అక్కడ కూర్చున్నాం. నాలుగున్నర అయ్యేసరికి ఆయన మాట ముద్దగా అయిపోయింది, చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది, నన్ను పట్టుకుని మా ఆడపడుచు పేరుతో పిలిచారు. గ్లూకోమీటర్ ఏమో పెద్ద బ్యాగు అడుగున ఉండిపోయింది, ఆ జిప్పు రాదు, చివరికి తీసి చూస్తే 52. డెబ్బై దిగితేనే జాగ్రత్త అంటారు మా డాక్టరుగారు. పంచదార ఇవ్వాలని తెలుసు, ఎన్నిసార్లో విన్నాను, ఆ క్షణాన బుర్ర పని చెయ్యలేదు. ఇన్సూరెన్స్ నంబరుకి ఫోన్ చేస్తే పాట వస్తూనే ఉంది. నిలబడి తెలుగులోనే ఏడ్చేశాను, ఎవరైనా రండి బాబూ అని.

అప్పుడొచ్చింది ఆవిడ. క్యాంటీన్లో వంట చేసే మనిషి, అరవై ఉంటాయేమో, తలకి ముదురాకుపచ్చ గుడ్డ, చేతులు మోచేతుల దాకా పిండి. ఆయన్ని చూపించి "సుఆమి?" అంది. నాకు స్వామి అన్నట్టే వినిపించింది. మలయ్‌లో మొగుణ్ణి అలాగే అంటారని తర్వాత తెలిసింది. అవునమ్మా అన్నాను. మీటర్లో అంకె చూసింది, తన పొట్ట మీద సూది పొడుచుకున్నట్టు చేసి చూపించింది, తనకీ షుగరేనని. "గులా గులా" అంటూ లోపలికి పరిగెత్తింది. పాలు లేని టీ గ్లాసుడు తెచ్చి, నా కళ్ళ ముందే మూడు చెంచాల పంచదార వేసి, ఇంకో సగం వేసి, టకటకా కలిపి సాసర్లో పోసి ఊదింది. చిన్నప్పుడు జ్వరమొస్తే మా అమ్మ అలాగే ఊదేది. ఆయన నోటి దగ్గర పెట్టి కొంచెం కొంచెం తాగించి, గడ్డం మీద కారిందాన్ని తన ఏప్రన్‌తో తుడిచింది. పావుగంట గడియారం చూసి మళ్ళీ మీటర్ పెట్టమని సైగ చేసింది. 81. అరటిపండు ఒలిచి ముక్కలు చేసి ఆయన చేతిలో పెట్టింది.

అప్పుడు చూసుకున్నాను ఫోన్, ఐదూ పది. టికెట్ మీద రైలు ఐదుకి. అయిపోయింది, పోయింది రైలు అని కింద కూలబడిపోయాను. ఆవిడ టికెట్ చూసి నవ్వి, ఒక వేలు ఎత్తి వెనక్కి తిప్పింది, "థాయ్, థాయ్" అంది. టికెట్ మీదున్నది థాయిలాండ్ టైము, మలేషియా కంటే గంట వెనక. ఇంకా యాభై నిమిషాలుంది. ఇంక నేను ఆగలేకపోయాను, ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను, ఆ భుజం నిండా వేయించిన ఉల్లిపాయ వాసన. వీపు మీద తడుతూ "తాక్ అపా, తాక్ అపా" అంటూనే ఉంది, పర్లేదు పర్లేదు అని.

డబ్బులిస్తే నా గుప్పిట మూసేసింది. ఎవరికైనా ఇద్దామని బరంపురం అప్పడాలు తీసుకెళ్ళాను, ఆ ప్యాకెట్ ఇచ్చాను, వాసన చూసి కళ్ళు పెద్దవి చేసింది. పేరు అడగలేదు. ఫోటో తీసుకోలేదు. రంగం నుంచి వస్తుంటే దారిలో ఎవరో గంజి పోశారని మా తాత చచ్చేదాకా చెప్పేవాడు, ఆయనకీ పేరు తెలీదు. అమ్మా, నువ్వు ఇది చదవలేవు, అయినా నీకు దణ్ణం.

ఇంక ఆ ఇన్సూరెన్స్ వాళ్ళ సంగతి. పాలసీ అమ్మేటప్పుడు రోజుకి నాలుగు ఫోన్లు. ఆ రోజు చాలాసేపు పాట వినిపించి, తర్వాత ఒకమ్మాయి వచ్చి, ఆసుపత్రిలో చేరారా, బిల్లుందా అని అడిగింది. మనిషి బతికాడా లేదా అని అడగరా ముందు? దేశంలో అడుగుపెట్టే ముందు నింపాల్సిన ఈ ఆన్‌లైన్ కార్డులొకటి. సింగపూర్‌కొకటి, మలేషియాకొకటి, థాయిలాండ్‌కైతే 2025 మే నుంచి తప్పనిసరి చేశారు, అదీ చేరే ముందు మూడు రోజుల్లోనే నింపాలి. మన ఇంటిపేరు ఏ గడిలో రాయాలో, అసలు పేరు ఏ గడిలో రాయాలో మాలాంటి పెద్దవాళ్ళకి ఎవరు చెప్తారు? నాది తిరగేసి రాసేశాం, కౌంటర్లో వెనక్కి పంపించారు.

మా అబ్బాయి, కోడలు టికెట్లన్నీ చూసుకున్నారు, మా మరిది స్టేషన్‌కి దింపాడు, వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో మర్చిపోయాను, ఆ కార్డు మళ్ళీ నింపిపెట్టింది స్టేషన్లో సిమ్ కార్డులమ్మే కుర్రాడు, పైసా తీసుకోలేదు. బ్యాంకాక్ రైల్లో మాకు పై బెర్తొకటి, కింది బెర్తొకటి వస్తే, పక్కలు వేసే అబ్బాయి ఎవరితోనో మాట్లాడి రెండూ కిందవే ఇప్పించాడు. ఉడ్‌లాండ్స్‌లో మా పెద్ద బ్యాగు మోసిన శ్రీకాకుళం అబ్బాయీ, నువ్వు చల్లగా ఉండాలి. పెనాంగ్‌లో పెరుగన్నం పెట్టిన తమిళాయన కూడా.

ఇంకా పక్కింటి మావుసి, ఇన్నాళ్ళూ తులసికి నీళ్ళు పోసింది, నిన్న మేం తలుపు తియ్యగానే అన్నం, పప్పు, వంకాయ కూర గిన్నెలతో వచ్చింది. ఆయన తిన్నాక మీటర్ పెట్టి చూశాను, 138. ఇప్పుడు పడుకున్నారు.