వంశం వెతకాలంటే ముందు మేనత్తను అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

పెత్రమాస (పెద్దలను తలుచుకునే భాద్రపద అమావాస్య) దగ్గరికొస్తోంది. సెలవులకు పిల్లలు ఊళ్ళకు వస్తారు. ఈమధ్య మా వాడకట్టులో చదువుకునే పిల్లలు కొందరు నా దగ్గరికి వచ్చి "అంకుల్, మా ముత్తాతల వివరాలు పహాణీలో దొరుకుతాయా?" అని అడుగుతున్నారు. నేను రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి అడుగుతారు. దొరుకుతాయి. కానీ పహాణీతో మొదలుపెట్టొద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

పహాణీ అంటే ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసిన రెవెన్యూ కాగితం. గుంట భూమి లేని కూలీ, మగ్గం నేసిన మనిషి అందులో కనబడరు. భూమి ఉన్న ఇళ్ళలోనూ ఆడవాళ్ళ పేర్లు అరుదు. ఏ పిల్లను ఏ ఊరికిచ్చారు, ఎవరిని ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు అన్న సంగతులన్నీ ఇంట్లో పెద్దమనుషులకే, ముఖ్యంగా ముసలమ్మలకే తెలుసు. వాళ్ళు పోతే ఏ దఫ్తరులోనూ దొరకవు.

నర్సంపేట దగ్గర మా మేనత్త ఉంది. ఎనభై దాటాయి. "మీ తాత పేరేంది?" అంటే ఒక్క మాటలో చెప్పి ఊరుకుంది. "మీ నాయినమ్మను ఏ ఊరి నుంచి చేసుకున్నరు?" అని అడిగాక ఇక ఆగలేదు. ఆ నాయినమ్మ రెండో పెళ్ళాం అని, మొదటామె కాన్పులో పోతే ఆమె చెల్లెల్నే ఇచ్చారని, పెళ్ళికి పెట్టిన కడియాలు ఎవరివో కూడా చెప్పింది. ఆ పోయినామె పేరు మా ఇంట్లో ఏ కాగితంలోనూ లేదు. పరకాల వైపు మాకు చుట్టాలున్నారని కూడా నాకు అప్పుడే తెలిసింది.

పెద్దవాళ్ళను సంవత్సరం అడిగితే చెప్పలేరు. "రజాకార్ల గడబిడల నేను చంకల పిల్లను" అంటే 1947-48 అని మనం లెక్క కట్టుకోవాలి. "ఆజంజాహి మిల్లు పెట్టినప్పుడు మా నాయిన పనిల చేరిండు" అంటే వరంగల్‌లో ఆ బట్టల మిల్లు మొదలైన 1934 ప్రాంతం. వాళ్ళు ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేసుకోండి. పాత ఫొటోలు ముందు పెడితే ఇంకా చెబుతారు. ఎవరెవరో అప్పుడే వెనకాల పెన్సిల్‌తో రాయండి.

మన దగ్గర కులానికొక వంశం చెప్పే వాళ్ళున్నారు. పద్మశాలీలకు కూనపులివాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు, గొల్లలకు మందెచ్చులవాళ్ళు. బొమ్మల పటం కట్టో, బొమ్మలు పెట్టో కులం కథ చెప్పి, ఇంటిపేర్లూ గోత్రాలూ చదివేవాళ్ళు. మీ ఊరికి ఇంకా వస్తుంటే వట్టిచేతులతో పంపకండి, వాళ్ళు చెప్పేది వినండి, రాసుకోండి.

ఆ తర్వాతే కాగితాలు. ముందు మీ ఊరు అప్పట్లో ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉండేదో చూసుకోండి. కరీంనగర్ జిల్లా 1905 దాకా ఎలగందుల జిల్లా. ఖమ్మం 1953లో వరంగల్ నుంచి విడిపోయింది. 2016లో వరంగల్ మళ్ళీ ముక్కలైంది. ఇది తెలియకుండా వెతికితే తప్పు దఫ్తరు చుట్టూ తిరుగుతారు. బడిలో చేరినప్పటి రిజిస్టర్లో తండ్రి పేరు, ఊరు ఉంటాయి, కానీ పుట్టిన తేదీ చాలాసార్లు పంతులు వేసిందే.

భూమి కాగితాల్లో 1954-55 నాటి ఖాస్రా పహాణీ మనకు పునాది. నకలు కోసం తహసీల్దార్ దఫ్తరులో దరఖాస్తు పెట్టాలి. చాలా ఊళ్ళది ఉర్దూలోనే ఉంటుంది. అంతకుముందువాటిలో ఫసలీ సంవత్సరం, అంటే నిజాం కాలపు రెవెన్యూ లెక్కల సంవత్సరం ఉంటుంది. మామూలు సంవత్సరం కావాలంటే దానికి 590 కలపాలి. 1345 ఫసలీ అంటే 1935 అక్టోబర్‌లో మొదలైన సంవత్సరం. పేరు తర్వాత 'వల్ద్' అని ఉంటే ఆ వచ్చేది తండ్రి పేరు. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్ళలో 'రాజయ్య వల్ద్ మల్లయ్య', 'మల్లయ్య వల్ద్ రాజయ్య' ఇద్దరూ కనిపిస్తారు. పేరు కలిసింది కదా అని మన మనిషే అనుకోవద్దు. ఇంటిపేరు, సర్వే నంబరు కలిస్తేనే నమ్మండి.

ఇక అధికారులకు నా విన్నపం. 1984లో ఊరి లెక్కలు చూసే పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయ్యాక ఎన్నో కాగితాలు వాళ్ళ ఇళ్ళలోనే మిగిలిపోయాయి. దఫ్తరుకు చేరిన పాత కట్టలు మడతల దగ్గర పొడి పొడి అవుతున్నాయి. వాటిని చదివే ఉర్దూ వచ్చిన ఉద్యోగులు రిటైరైపోతున్నారు. ఆ కట్టలను స్కాన్ చేయించి, ఊరి వారీగా తెలుగులో పట్టిక పెట్టించాలి. వారానికి ఒక పూటైనా జిల్లా గ్రంథాలయంలో ఉర్దూ చదివి చెప్పే మనిషిని కూర్చోబెట్టాలి. రిటైరైన మా తోటివాళ్ళలో జీతం లేకుండా వచ్చేవాళ్ళున్నారు, నేనూ వస్తాను. హనుమకొండ, వరంగల్ కలెక్టర్లు ఈ విషయం ఆలోచించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి,
హనుమకొండ