ఉపమానాలను సందర్భంతో సహా ప్రచురించండి

సంపాదక మహాశయులకు నమస్కారం.

మీ భక్తి పేజీలో వచ్చే యేసు ఉపమానాలను శ్రద్ధగా చదువుతుంటాను. అయితే ముందూ వెనకా కత్తిరించి, చివర ఒక నీతి తగిలించడం వల్ల వాటి పదును పోతోందన్నది నా అభ్యంతరం. మంచి సమరయుని కథనే తీసుకోండి. ఆపదలో ఉన్నవారిని ఆదుకోవాలని చెప్పడమే ఉద్దేశమైతే, యెరికో దారిలో దెబ్బలు తిని పడి ఉన్న మనిషిని ఎవరు ఆదుకున్నా సరిపోయేది. కానీ కథలో ఆ యూదుల శ్రోతల ముందు ఆదుకున్నవాడిగా యేసు చూపింది సమరయుణ్ణి; యూదులకూ, వారి పొరుగు జాతి అయిన సమరయులకూ పాత వైరం. గెరిజీము కొండమీది సమరయుల ఆలయాన్ని క్రీ.పూ. 2వ శతాబ్దంలో యూదు పాలకుడు హిర్కానస్ కూల్చాడు; ఆ తర్వాత రోమన్ల ఏలుబడిలో కొందరు సమరయులు యెరూషలేము దేవాలయంలో మనుషుల ఎముకలు వెదజల్లారని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. లూకా 10వ అధ్యాయంలోని ఈ కథకు ముందు అధ్యాయంలోనే, ఒక సమరయ గ్రామం యేసుకు బస ఇవ్వలేదని, ఆకాశం నుంచి అగ్ని రప్పించమంటావా అని యాకోబు, యోహాను అడుగుతారు. శిష్యులకే అంత కోపం ఉన్నప్పుడు 'నా పొరుగువాడు ఎవడు?' అని అడిగి, జవాబుగా ఈ కథ విన్న ధర్మశాస్త్రోపదేశకుడి (యూదుల ధర్మశాస్త్రం బోధించేవాడి) ఇబ్బంది ఊహించుకోవచ్చు. పొరుగువాడు ఎవడయ్యాడని యేసు ఎదురు ప్రశ్న వేస్తే, అతడు సమరయుడని చెప్పకుండా, 'అతనిమీద జాలిపడినవాడే' అని సరిపెట్టాడు.

వినేవాడి చేతనే తీర్పు చెప్పించే ఈ పద్ధతి యేసుకు ముందునుంచీ ఉన్నదే. పేదవాడి గొఱ్ఱెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథ నాతాను ప్రవక్త చెప్పగా, పరుని భార్యను తీసుకున్న దావీదు రాజు మండిపడి శిక్ష ప్రకటించాకే ఆ మనిషి తానేనని తెలుసుకున్నాడు.

సందర్భాన్ని వదిలేయడం ఈనాటిది కాదు. సమరయుడంటే క్రీస్తు అనీ, గాయపడినవాణ్ణి అతడు చేర్చిన పూటకూళ్ల ఇల్లు క్రైస్తవ సంఘమనీ, దాని యజమాని పౌలు అనీ ప్రాచీన క్రైస్తవ వేదాంతి అగస్టీన్ వ్యాఖ్యానించాడు. భక్తుడి ఊహగా అది అందమైనదే, కానీ ఆ కథలోని వైరం అందులో ఎక్కడా మిగలదు. 19వ శతాబ్దం చివర జర్మన్ పండితుడు యూలిషర్ ఇలాంటి సంకేతార్థాలను తోసిపుచ్చి, ఒక్కో ఉపమానానికీ ఒక్క సాధారణ నీతినే మిగిల్చాడు. వాటిని యేసు పరిచర్య జరిగిన సందర్భంలోనే చదవాలని 1935లో బ్రిటిష్ బైబిలు పండితుడు డాడ్ వాదించాడు. మన భక్తి పేజీలు ఇంకా యూలిషర్ దగ్గరే ఆగినట్టున్నాయి.

స్థలం చాలదని మీరు అనవచ్చు. నీతివాక్యం తీసేస్తే రెండు పంక్తులు మిగులుతాయి. ఆ కథ ఎవరితో, ఏ ప్రశ్నకు జవాబుగా చెప్పినదో వాటిలో రాసి, అధ్యాయం, వచనం సంఖ్యలు కూడా ఇవ్వవలసిందిగా మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు