పాత కంప్యూటర్ ఎక్కడ ఇవ్వాలో ముందు అది చెప్పండి

సంపాదకుడు గారికి,

నమస్కారమండీ. ఈ మధ్య మీ జిల్లా పేజీలో స్కూలు పిల్లలు ప్లకార్డులు పట్టుకుని ఈ-వేస్ట్ (పాడైన కంప్యూటర్లు, ఫోన్ల లాంటి ఎలక్ట్రానిక్ చెత్త) మీద ర్యాలీ చేసిన ఫోటో వేశారు. మంచిదే, పిల్లల్ని ఎండలో నడిపించారన్న సంగతి పక్కన పెడితే. కానీ ఆ వార్త మొత్తం చదివినా పాత కంప్యూటర్ పట్టుకెళ్లి ఎక్కడ ఇవ్వాలో ఒక్క ముక్క లేదు. చెత్తబండిలో వేయొద్దన్నారు సరే, మరి ఎవరికి ఇవ్వాలి? నాకు టౌన్‌లో కంప్యూటర్ రిపేరు షాపు ఉంది, ఈ మాట నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, చెప్పడానికి నా దగ్గర ఒక అడ్రసు లేదు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా.

ఇప్పుడే ఎందుకంటే విండోస్ 10 గొడవ. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు 8వ జనరేషన్ ప్రాసెసర్ ఉండాలి, అంటే 6, 7 జనరేషన్ మెషిన్లు శుభ్రంగా నడుస్తున్నవి కూడా కాగితం మీద ముసలివైపోయాయి. కనాలిస్ అనే మార్కెట్ రీసెర్చ్ సంస్థ 2023 చివర్లోనే దీనివల్ల ప్రపంచంలో 24 కోట్ల పీసీలు చెత్తలోకి పోవచ్చని లెక్క కట్టింది. నా షాపుకి వచ్చేవాళ్లలో కూడా "పాతదైపోయిందంటండీ, కొత్తది తీసుకుందాం" అనేవాళ్లు పెరిగారు. నిజానికి ఒక ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే హార్డ్‌డిస్క్ లాంటిది) వేసి, ర్యామ్ పెంచి, విండోస్ బదులు లైనక్స్ ఎక్కిస్తే ఇంటర్నెట్‌కి, పిల్లల చదువుకి, ఉత్తరాలు టైపు చేసుకోడానికి ఇంకా కొన్నేళ్లు హాయిగా వస్తుంది. టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మీద బతికే షాపుల వాళ్లకి మాత్రం ఈ సలహా ఇవ్వను, వాళ్లకి విండోసే దిక్కు. కొత్త మెషిన్ అమ్మితే నాకు మిగిలేది ఎక్కువ, అయినా ముందు బాగు చేయించుకోండనే చెప్తా, ఎందుకంటే బయటపడేసింది ఎటు పోతుందో నాకు తెలుసు కాబట్టి.

ఎటు పోతుందంటే, తోపుడుబండి మీద మైకు పెట్టుకుని "పాత ఇనప సామాన్లు కొంటాం" అని తిరిగే అతని దగ్గరికి. ఆయన్ని నేను తప్పు పట్టను, మా వీధి మొత్తంలో పాత సామానుకి డబ్బులు చేతిలో పెట్టే మనిషి ఆయనొక్కడే. ఆయన దగ్గర నుంచి పాత ఇనప కొట్టుకి, అక్కడ విడదీస్తారు. బోర్డులది ఒక రేటు, కేబుళ్లది ఒక రేటు, ఉత్త డబ్బాది ఇనుము రేటు. పాత డబ్బా మానిటర్ అయితే వెనకాల రాగి చుట్ట ఊడబీక్కుని గాజు బుడ్డి కాలవ గట్టున పారేస్తారు. ఆ గాజులో కిలో రెండు కిలోల దాకా సీసం ఉంటుంది, అదే గట్టు దిగువన పశువులు నీళ్లు తాగుతాయి. వైర్లు తొక్క ఒలిచే ఓపిక లేక పొద్దుపోయాక తగలబెడతారు, వైరు మీది పీవీసీ ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లనే విషపదార్థాలు వస్తాయి. ఊరి చివర ఆ ఘాటు వాసన ఎప్పుడైనా మీ ముక్కుకి తగిలితే అది టైర్లదే అనుకోకండి.

బోర్డులు మాత్రం ఇక్కడ ఆగవు. పెద్ద సిటీల మీదుగా ఉత్తరాదికి పోతాయి. ఢిల్లీ సీలంపూర్‌లో విప్పుతారు, మొరాదాబాద్‌లో కాల్చి, యాసిడ్లలో ముంచి రాగి, బంగారం తీస్తారు. ఆ పని చేసేవాళ్ల చేతులకి సరైన గ్లౌజులు కూడా ఉండవు, మిగిలిన నల్లబూడిద రామగంగ నది ఒడ్డున పోస్తే పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ (ఎన్జీటీ) కలగజేసుకోవాల్సి వచ్చింది. ఇంత చేసినా పూర్తి బంగారం కూడా రాదు, ఆ పద్ధతిలో పోయేదే ఎక్కువ. ఇదేమీ మన దేశం ఒక్కదాని కథ కాదులెండి. ఐక్యరాజ్యసమితి వాళ్ల 2024 రిపోర్టు ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం 6 కోట్ల 20 లక్షల టన్నుల ఈ-వేస్ట్ పారేస్తే అందులో లెక్క ప్రకారం పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసింది 22.3 శాతమే.

సెల్‌ఫోన్లది ఇంకో తంటా. పాత ఫోన్ ఇస్తే ప్లాస్టిక్ టబ్బు ఇస్తాం, స్టీలు గిన్నె ఇస్తాం అని ఊళ్లల్లో తిరుగుతుంటారు కదా. 2024 ఆగస్టులో రామగుండం పోలీసులు గోదావరిఖనిలో ముగ్గురు బీహార్ వాళ్లని పట్టుకుంటే వాళ్ల దగ్గర సంచుల్లో 4 వేల దాకా పాత ఫోన్లు దొరికాయి. అవి జార్ఖండ్ వైపు సైబర్ మోసగాళ్లకి పోతున్నాయని పోలీసులు చెప్పారు. టబ్బుకి ఆశపడి ఇచ్చిన ఫోన్ మన పేరు మీద ఎవడికో ఓటీపీ అడగడానికి ఉపయోగపడుతుందన్నమాట. కంప్యూటర్ విషయంలోనూ అంతే, ఫార్మాట్ కొట్టాను కదా అని ధీమాగా ఉండకండి, మామూలు క్విక్ ఫార్మాట్ కొట్టిన హార్డ్‌డిస్క్‌లో ఫైళ్లు చాలావరకు వెనక్కి తీయొచ్చు, ఆ పని మా షాపుల్లోనే చేస్తాం. హార్డ్‌డిస్క్ ఊడదీసి ఇంట్లో ఉంచుకోండి, లేదా మొత్తం డిస్క్ ఓవర్‌రైట్ (పాత డేటా మీద వేరేది రాయించడం) చేయించండి, రెండూ కాకపోతే డ్రిల్లుతో డిస్క్ లోపలి పళ్ళేనికి బొక్కలు పెట్టించి ఇవ్వండి.

ఇక చట్టం. చట్టం లేక కాదండీ ఇదంతా. 2011లో ఒక రూల్స్ వచ్చాయి, 2016లో ఇంకోటి, 2022లో మూడోది, అది 2023 ఏప్రిల్ 1 నుంచి నడుస్తోంది. దాని కిందకి 106 రకాల సామాన్లు వస్తాయి. కంపెనీ తాను అమ్మినదాంట్లో ఇంత శాతం రీసైకిల్ చేయించానని చూపించాలి, 2023-24లో 60 శాతం, 2025-26కి 70, 2027-28 నుంచి 80. చదవడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ కంపెనీ చేసేదేంటి, ఎక్కడో ఉన్న రిజిస్టర్డ్ రీసైక్లర్ దగ్గర ఇంత సరుకు రీసైకిల్ అయిందన్న సర్టిఫికెట్ కొనుక్కుంటుంది. దాని లెక్క అక్కడితో తేలిపోయింది. ఆ రీసైక్లర్‌కి సరుకు హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఆఫీసుల నుంచి లారీలకి లారీలు దొరుకుతుంటే మా టౌన్‌లో రెండు మానిటర్ల కోసం వ్యాన్ పంపిస్తాడా? ఆ సర్టిఫికెట్ కనీస రేటు కిలోకి 22 రూపాయలని పెడితే పెద్ద పెద్ద ఏసీలు, టీవీల కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాయి, భారం ఎక్కువైపోతుందని. లక్ష రూపాయల టీవీ అమ్మేవాళ్లకి అది భారమట.

ఇందులో ఎవరూ మాట్లాడని కన్నం ఇంకోటి ఉంది. 2016 రూల్స్‌లో గవర్నమెంటు ఆఫీసులు, బ్యాంకులు, కాలేజీలు అన్నీ బల్క్ కన్జ్యూమర్ల (పెద్ద ఎత్తున వాడే సంస్థల) కిందే వచ్చేవి. 2022లో దాన్ని మార్చి ఏడాదిలో ఎప్పుడైనా కనీసం వెయ్యి పరికరాలు వాడిన సంస్థ అని రాశారు. పాత సామాను రిజిస్టర్డ్ వాళ్లకే ఇవ్వాలన్న షరతు ఈ పెద్దవాళ్లకే. మరి ఒక మండలాఫీసులో వెయ్యి పరికరాలు ఎక్కడ ఉంటాయి? హైస్కూల్లో? చూస్తూ చూస్తూ వదిలేసినట్టే కదా. గవర్నమెంటు స్కూళ్లలో నేను చూసిన ల్యాబుల పరిస్థితి చెప్తా, చనిపోయిన మానిటర్లు, యూపీఎస్‌లు ఒక గదిలో వేసి తాళం వేస్తారు, స్టాక్ రిజిస్టర్‌లో ఉన్నాయి కాబట్టి హెడ్మాస్టర్ గారు ముట్టుకోవాలంటే భయం, ఇక పనికిరావని కండెమ్ చేయాలంటే కమిటీ రావాలి, ఆ కమిటీ ఎప్పటికో వచ్చేసరికి ఎలకలు వైర్లు కొరికేసి ఉంటాయి. చివరికి విరిగిన బెంచీలు, తుప్పు పట్టిన బీరువాలతో కలిపి తూకానికి వేలం. పాడుకునేది పాత ఇనప కొట్టువాళ్లే. మొదట్లోనే ఎవరన్నా చూసి ఉంటే అందులో సగానికి సగం బాగయ్యేవి, కాలేజీ పిల్లలకి ఇవ్వొచ్చు.

దీనికి దారి మన ఇళ్లలోనే ఉందండి. ఇన్వర్టర్ బ్యాటరీ పాడైతే ఎవరైనా కాలవలో పారేస్తారా? పారెయ్యరు. ఎందుకంటే కొత్తది కొనేటప్పుడు పాతది తీసుకొస్తే షాపువాడు రేటులో తగ్గిస్తాడు. 2001లోనే లెడ్ యాసిడ్ బ్యాటరీలకి డీలర్లు పాతవి వెనక్కి తీసుకోవాలని రూల్ పెట్టారు, పైగా లోపల సీసానికి రేటు ఉంది, రెండూ కలిసి వచ్చాయి. ఆ బ్యాటరీలు అన్నీ సరైన చోటే కరుగుతున్నాయని నేను అనను, కానీ వెనక్కి రావడమైతే వస్తున్నాయి, ఏ ర్యాలీ చెయ్యకుండానే. కంప్యూటర్లకీ ఫోన్లకీ ఇదే పెట్టమంటున్నా. కొనేటప్పుడు కొంత డిపాజిట్ కట్టించుకుని, పాతది తెచ్చినప్పుడు తిరిగి ఇచ్చే ఆలోచన 2016 రూల్స్‌లో ఉండేది కూడా, కాకపోతే కంపెనీ ఇష్టం అని వదిలేశారు, ఇష్టమంటే ఎవరు చేస్తారు?

జపాన్ వాళ్లు టోక్యో ఒలింపిక్స్ మెడల్స్ మొత్తం పాత ఎలక్ట్రానిక్స్ నుంచే చేశారు, 32 కిలోల బంగారం తీశారు. అందరూ ఆ బంగారం గురించే చెప్తారు. నాకు నచ్చింది వేరే, ఒక్క డొకోమో ఫోన్ షాపుల్లోనే 62 లక్షల ఫోన్లు జమయ్యాయి, మున్సిపాలిటీలు వేరేగా దాదాపు 79 వేల టన్నుల చిన్న సామాను సేకరించాయి. అంటే జనానికి దారిలో కనిపించే చోట పెట్టె పెట్టారు.

మన మున్సిపాలిటీకి ఇది కొత్త పనేం కాదు. చెత్తలో కలిసి వచ్చిన ఈ-వేస్ట్‌ని వేరు చేసి రిజిస్టర్డ్ రీసైక్లర్‌కి చేర్చాలని 2022 రూల్స్‌లోనే మున్సిపాలిటీల బాధ్యతల్లో రాసి ఉంది. ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర అని అధికారులంతా చీపుర్లు పట్టుకుని ఫోటోలు దిగుతున్నారు కదా, ఆ రోజే మార్కెట్ యార్డు దగ్గర ఒక కౌంటర్ పెట్టండి. ఊరికే ఇమ్మంటే మాత్రం ఎవరూ రారు, ముందే చెప్తున్నా. పాత ఇనప కొట్టు రేటుకి తగ్గకుండా చేతిలో డబ్బులు పెట్టాలి, ఆ డబ్బు సర్టిఫికెట్లు కొనే కంపెనీల నుంచి రావాలి. ఉబ్బిన ఫోన్, ల్యాప్‌టాప్ బ్యాటరీలకి ఇసుక పోసిన డబ్బా విడిగా పెట్టండి, చెత్తబండిలో అవి నలిగితే మంటలే. తోపుడుబండి అతన్ని వెళ్లగొట్టొద్దు, ఐడీ కార్డు ఇచ్చి కిలోకి ఇంత అని కౌంటర్‌లో ఆయనకీ కట్టండి, ఇంటింటికీ తిరిగే ఓపిక మనలో ఇంకెవరికీ లేదు. వెయ్యి పరికరాల లెక్క సంగతి ఢిల్లీలో తేలాలి, అది మన ఎంపీలు అడగాలి. అప్పటిదాకా కలెక్టర్ గారు ఆఫీసులకీ స్కూళ్లకీ ఒక సర్క్యులర్ ఇవ్వొచ్చు, ఎలక్ట్రానిక్ సామానుని బెంచీలతో కలిపి వేలం వేయొద్దని, కండెమ్ చేసేముందు రిపేరు తెలిసినవాళ్లకి ఒకసారి చూపించమని.

కౌంటర్‌కి స్థలం లేదంటే నా షాపు ముందు వరండా ఇస్తాను, అద్దె అక్కర్లేదు, బాగయ్యేవి ఏవో ఏరి పెట్టడానికి నేనూ మా కుర్రాళ్లూ ఆ పూట కూర్చుంటాం. తూకం మిషను మాత్రం మున్సిపాలిటీ వాళ్లే తెచ్చుకోవాలి.

ఇట్లు,
ఒక కంప్యూటర్ రిపేరు షాపు ఓనరు,
గోదావరి జిల్లాల నుంచి