మానిఫోల్డ్ ఒక్కటే మార్చమంటే ఇకపై మార్చం

మన షాపుకు వచ్చే అన్నలకు, తమ్ముళ్లకు ఒక ముచ్చట. కొంతకాలంగా ఇంటేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టాల సెట్టు) గిరాకీ బాగా పెరిగింది. "బండి గుంజుతలేదన్నా, ఇది బిగించు" అంటూ ఆన్‌లైన్‌లో కొన్న అల్యూమినియం మానిఫోల్డ్‌ను డిక్కీలో వేసుకొని వస్తున్నారు. హనుమకొండ, వరంగల్ వాళ్లే కాదు, కరీంనగర్, మంచిర్యాల నుంచి కూడా. వచ్చే నెల నుంచి ఈ పని ఒక్కదాన్నే విడిగా చేయం. గిరాకీ పోతుందని తెలిసే చెప్తున్నా. కారణం వినండి, తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే థ్రాటిల్ దాటి వచ్చిన గాలిని సిలిండర్లకు పంచడం మానిఫోల్డ్ పని. అయితే దాని పొడవు, వెడల్పు కంపెనీవాళ్లు ఊరికే పెట్టలేదు. 6,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక్కో సిలిండర్‌లో ఇంటేక్ వాల్వ్ సెకనుకు 50 సార్లు తెరుచుకుంటుంది. మూసుకున్న ప్రతిసారీ దూసుకొచ్చే గాలి వాల్వ్‌కు గుద్దుకొని, ఆ ఒత్తిడి అల వెనక్కి ప్లీనమ్ (గొట్టాలన్నీ కలిసే గాలి డబ్బా) దాకా పోయి మళ్లీ వస్తుంది. వాల్వ్ తెరుచుకునే వేళకే అది తిరిగొస్తే గాలి ఇంకాస్త ఎక్కువ లోపలికి పోతుంది. ఏ ఆర్‌పీఎమ్‌లో అలా కుదరాలన్నది చాలావరకు రన్నర్ (ఒక్కో సిలిండర్‌కు పోయే గొట్టం) పొడవును బట్టి ఉంటుంది. పొడుగ్గా సన్నగా ఉంటే కింది ఆర్‌పీఎమ్‌లో గుంజుడు, పొట్టిగా వెడల్పుగా ఉంటే పైన. రెండూ కావాలంటే గాలి దారిని మార్చే మానిఫోల్డ్ ఉండాలి. పాత హోండా సివిక్ 1.8లో కంపెనీయే అలాంటిది ఇచ్చింది, అదీ ప్లాస్టిక్‌లో. దాన్ని తీసేసి అల్యూమినియంది పెట్టమంటే నాకు చేతులు రావు.

మీరు తెచ్చేవాటిలో ఎక్కువ పొట్టి రన్నర్లవే. హనుమకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ట్రాఫిక్‌లో పోయే బండి ఎక్కువసేపు 1,500 నుంచి 3,000 మధ్యే తిరుగుతుంది. రోజూ వాడే దగ్గర పికప్ పోగొట్టుకొని, ఎప్పుడో ఒకసారి ముట్టుకునే దగ్గర కాస్త పెంచుకోవడానికి అంత ఖర్చా? హెడ్ పోర్టింగ్ (ఇంజిన్ హెడ్‌లో గాలి దారులు వెడల్పు చేయడం) చేయించి, క్యామ్ (వాల్వ్‌లను తెరిచే షాఫ్ట్) మార్చి, లేదా పెద్ద టర్బో వేసి ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించినవాళ్ల లెక్క వేరు. వాళ్లకు నిజంగానే మానిఫోల్డ్ అడ్డొస్తుంది. ఆ పని సంతోషంగా చేస్తాం.

ఇక మన ఎండ సంగతి. మే నెలలో వరంగల్‌లో 43, 44 డిగ్రీలు మామూలే. కంపెనీ ప్లాస్టిక్ మానిఫోల్డ్ వేడిని తొందరగా పట్టదు. అల్యూమినియందైతే ఇంజిన్ హెడ్ వేడినంతా గుంజుకుంటుంది. టర్బో బండిలోనైతే ఇంటర్‌కూలర్ కష్టపడి చల్లబరిచిన గాలిని మళ్లీ వేడి గొట్టంలోంచి పంపినట్టే. గాలి వేడెక్కిందని సెన్సర్ చెప్పగానే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇగ్నిషన్ టైమింగ్ తగ్గిస్తుంది, అంటే స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, పవర్ పడిపోతుంది. హైవే మీద ఆగకుండా పోతుంటే తేడా అంతగా తెలియదు. సిగ్నల్ దగ్గర ఆగి కదిలితే తెలుస్తుంది.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది చవక కాపీ మాల్. మొన్న ఒక తమ్ముడు తెచ్చిన మానిఫోల్డ్‌ను బిగించే ముందు బల్ల మీద పెట్టి, హెడ్‌కు తగిలే ఫ్లాంజ్ (బోల్టులు బిగించే చదును అంచు) మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (నిక్కచ్చిగా తిన్నగా ఉండే పట్టీ) ఆనించాను. రెండో పోర్టు, మూడో పోర్టు మధ్య వెలుతురు కనబడింది. సందు కొలిచే ఫీలర్ గేజ్‌లోని 0.25 మి.మీ. బ్లేడు అడ్డం లేకుండా దూరిపోయింది. రన్నర్ లోపల వేలు పెడితే పోత ఇసుక గరుకు, వెల్డింగ్ మూతి దగ్గర లోహపు పూస ఒకటి. ఆ పూస ఊడితే నేరుగా సిలిండర్‌లోకే. ఫ్లాంజ్ ఒంకర అలాగే వదిలేసి బోల్టులు బిగిస్తే లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుంది, ఐడిల్ ఊగుతుంది, ఫ్యూయెల్ ట్రిమ్ (ఈసీయూ చేసే ఇంధనం సవరణ) పైకి ఎక్కుతుంది. ఎయిర్ ఫిల్టర్‌తో పనిలేకుండా దుమ్ము కూడా పోతుంది. మన క్వారీ రోడ్ల దుమ్ము ఎంతో మీకు చెప్పాలా!

"గుంజుతలేదు" అని వచ్చే టీఎస్ఐ (ఫోక్స్‌వ్యాగన్, స్కోడా టర్బో పెట్రోల్) బండ్లలో మేం తరచూ చూసేది వేరే. వాటిలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లో పడుతుంది, ఇంటేక్ వాల్వ్‌ను కడగదు. ఆయిల్ ఆవిరి వాల్వ్ వెనక అంటుకొని, కాలి, నల్లటి గడ్డ కడుతుంది. పాత మానిఫోల్డ్ విప్పి, అక్రోట్ తొక్కల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేస్తే పోయిన పికప్ చాలావరకు తిరిగొస్తుంది. డీజిల్ బండ్లలో ఈజీఆర్ (పొగను కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) మసి మానిఫోల్డ్‌నే సగం మూసేస్తుంది, దాన్నీ కడుగుతాం. ఈజీఆర్ మూసేయమని మాత్రం అడగొద్దు, చేయం.

కాబట్టి ఇకపై ముందు స్కానర్ పెట్టి రోడ్డు మీద లాగ్ (సెన్సర్ల రీడింగుల రికార్డు) తీస్తాం, స్మోక్ టెస్ట్ (పొగ పంపి గాలి లీకులు వెతకడం) చేస్తాం. దీనికి 1,500 రూపాయలు, పని ఇక్కడే చేయిస్తే బిల్లులో తీసేస్తాం. మానిఫోల్డ్ ముందున్న ఒత్తిడికీ లోపలి ఒత్తిడికీ ఫుల్ థ్రాటిల్‌లో తేడా కనబడితేనే ముందుకు పోతాం. అప్పుడు కూడా ట్యూన్ తప్పనిసరి. ట్యూన్ లేకుండా బిగించి పంపం. వారంటీ ఉన్న బండైతే కంపెనీవాళ్లు క్లెయిమ్ నిరాకరించొచ్చు. ఇన్సూరెన్స్‌వాళ్లకు మార్పు చెప్పాల్సిన బాధ్యత మీదే. బండిలో మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఉంది. పవర్ కోసం మార్పులు చేసేముందు ఒకసారి చదువుకోండి.

ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్ల పని పాత రేటుకే చేస్తాం. మనసు మారితే అడ్వాన్స్ మొత్తం వాపస్, మొహమాటం వద్దు. సొంతంగా పార్ట్ కొనుక్కున్నవాళ్లు రిటర్న్ గడువు అయిపోకముందే తెచ్చి చూపించండి, ఫ్లాంజ్ ఊరికే చెక్ చేసిస్తాం. బండి రాత్రంతా చల్లారాక పొద్దున్నే తీసుకురండి, వేడి ఇంజిన్ మీద మానిఫోల్డ్ విప్పం. ఆదివారం షాపు బంద్.