సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక (2024–25)

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

డింగోల రక్షణకు పనిచేసే మన మెల్‌బోర్న్ తెలుగు సంఘం నిబంధనావళి ప్రకారం ఏడాది పనుల నివేదిక సమర్పించడం కార్యదర్శి విధి. పోయినసారి ఎవరూ చదవకుండానే చప్పట్లతో ఆమోదించారు. ఈసారి సగం వరకైనా చదవమని మనవి.

ఏడాది మొదలవుతూనే పని నెత్తిన పడింది. ఆస్ట్రేలియాలోని మన విక్టోరియా రాష్ట్రంలో, కుక్క జాతికి చెందిన అడవి జంతువైన డింగో 2008 నుంచి ముప్పులో ఉన్న జీవుల జాబితాలో ఉంది. అయినా రైతుల భూముల్లోనూ, వాటి సరిహద్దు నుంచి 3 కిలోమీటర్ల లోపు ప్రభుత్వ అడవిలోనూ దాన్ని చంపనిచ్చే ఉత్తర్వు మరొకటి నడుస్తోంది. వాయవ్య విక్టోరియాలో ఆ ఉత్తర్వును 2024 మార్చిలో ఎత్తివేశారని మనకు తెలుసు. అక్కడ డింగోలు 40కి పడిపోయి ఉండవచ్చన్న అంచనా వచ్చాక గాని కదలిక రాలేదు. తూర్పు ప్రాంతపు ఉత్తర్వుకు 2024 అక్టోబరు 1న గడువు ముగియవలసి ఉంది. పొడిగించవద్దని మూడు ఉత్తరాలు రాశాం, ఆలయం బయట ఎండలో బల్ల వేసుకుని సంతకాలు సేకరించాం. సెప్టెంబరులో దాన్ని 2028 జనవరి 1 వరకు పొడిగించారు. మన మూడు ఉత్తరాలకూ అక్షరం మారని ఒకే జవాబు మూడుసార్లు వచ్చింది. సంఘం పేరు మాత్రం ప్రతిసారీ కొత్తగా తప్పు రాశారు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది ఆగస్టు సభ. మెల్‌బోర్న్ చలిలో, ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. డింగోను ప్రేమించేవాళ్ళమే కూర్చుని మాట్లాడుకుంటే ప్రయోజనం లేదని, ఉత్తర్వు కావాలనే ఒక గొర్రెల రైతును పిలిచాం. కార్యవర్గంలో కొందరికి ఇది నచ్చలేదు. ఆయన నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చి, పులిహోర రెండుసార్లు పెట్టించుకుని తిని, చేతులు తుడుచుకుని, సంచిలోంచి దవడలకు రబ్బరు తొడిగిన ఇనుప ఉచ్చు తీసి మైసూరుపాక్ పళ్ళెం పక్కన పెట్టారు. బూటు కాలితో తొక్కి దాన్ని తెరిచి, చీపురు కర్రతో మధ్యలో తాకారు. ఠప్పున మూసుకుంది. ముందు వరుసలో ఒక పాప ఏడ్చింది. ఇది పెట్టడం తనకూ ఇష్టం లేదని, తెల్లవారి లేచేసరికి కడుపు చీలిన గొర్రెపిల్లలు ఇంకా ఊపిరితో ఉండటం చూశాక పెట్టక తప్పలేదని ఆయన చెప్పారు.

అప్పుడు మన పెద్దాయన లేచారు. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు గొర్రెల కాపరుల ఇంట పుట్టి, ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నారు. తోడేళ్ళు తిరిగే నేల అది. “రాత్రి మంద దగ్గర ఎవరు పడుకుంటారు?” అని అడిగారు. కూతురు ఇంగ్లీషులో చెప్పింది. రైతుకు ప్రశ్నే అర్థం కాలేదు. వేల గొర్రెలు కంచెల మధ్య వాటంతట అవి మేస్తాయి, ఎవరూ పడుకోరు అన్నారు. మా ఊళ్ళో గొంగడి కప్పుకుని మందలోనే పడుకుంటాం, కుక్కలుంటాయి, అయినా తోడేలు ఏడాదికి ఒకటో రెండో ఎత్తుకుపోతుంది, దాని వాటా అనుకుంటాం అన్నారు పెద్దాయన. ఇక్కడ ఒక కాపరికి ఇవ్వవలసిన జీతం గొర్రెల మీద రాదని రైతు జవాబు. ఇద్దరిలో ఎవరిది తప్పో నేను చెప్పలేను. కాని మందకు కాపలాగా పెంచే మారెమ్మా కుక్కల గురించి ఆ తర్వాత అరగంట మాట్లాడుకున్నారు. వెళ్ళేటప్పుడు రైతు పెద్దాయన ఫోను నంబరు అడిగి తీసుకున్నారు.

తెలుగు కరపత్రం ఆలస్యానికి కారణం అడుగుతున్నారు. “డింగో అంటే అడవికుక్క” అన్న ఒక్క వాక్యానికి రెండు కార్యవర్గ సమావేశాలు ఖర్చయ్యాయి. అభ్యంతరం నాదే, ఇప్పటికీ నాదే. నల్లమలలో గుంపుగా వేటాడే రేచుకుక్కనే మనవాళ్ళు అడవికుక్క అంటారు, అది వేరే జంతువు. అంతకంటే ముఖ్యం, ఇక్కడి కాగితాల్లో డింగోను, ఊరి నుంచి పారిపోయిన కుక్కను, రెంటికీ పుట్టినదాన్ని ఒకే పేరు కింద కట్టి చంపుతూ వచ్చారు. ఇప్పుడు అడవిలో ఉన్నవన్నీ సంకర జాతులేనని ఏళ్ళ తరబడి వాదించారు. శాస్త్రవేత్త కైలీ కెయిర్న్స్ బృందం 2023లో ప్రచురించిన జన్యు పరిశోధనలో ఎక్కువ భాగం అచ్చమైన డింగోలేనని తేలింది. మూడు వేల ఏళ్ళకు పైగా ఈ నేల మీద ఉన్న ప్రాణికి ఇక్కడి ఆదివాసులు పెట్టుకున్న పేర్లున్నాయి. వాయవ్య విక్టోరియాలో వొట్జొబలుక్ ప్రజలు విల్కర్ అంటారు, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని క్గారి దీవిలో బుచుల్లా ప్రజలు వొంగారి అంటారు. కరపత్రంలో చివరికి “డింగో” అనే ఉంచి, కింద ఈ పేర్లు వేశాం. బొమ్మ గీసిన పదో తరగతి అమ్మాయి తోక కొస తెల్లగా ఉండాలని పట్టుబట్టి మూడుసార్లు మార్చింది. ఆమెకు ప్రత్యేక అభినందనలు.

ఏప్రిల్‌లో వాయవ్య విక్టోరియాలోని వైపర్‌ఫెల్డ్ జాతీయ ఉద్యానంలో వేసిన శిబిరం గురించి క్లుప్తంగా. పేర్లు ఇచ్చినవారు 22 మంది, తెల్లవారుజామున బస్సు దగ్గరికి వచ్చినవారు 9 మంది. మిగిలిన 13 మందిలో నలుగురు ఫోను చేశారు, ఒకరు జ్వరమని చెప్పి ఆ సాయంత్రమే పెళ్ళి విందు ఫొటోలు పెట్టారు. డింగో కనబడలేదు. ఈమూలు కనబడ్డాయి. రెండో రోజు ఉదయం ఇసుకలో ఒక అడుగుల వరుస, దారానికి గుచ్చినట్టు సూటిగా, మా గుడారాల పక్కనుంచే పోయింది. రాత్రంతా గురక పెట్టినవారి పేరు ఇక్కడ రాయను.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంచారు. బస్సు అద్దె మూలంగా కొద్దిపాటి లోటు వచ్చింది, ఉగాది విందు మిగులుతో సర్దాం. సందేహాలుంటే విరామంలో వారినే అడగండి.

హాలు తక్కువ అద్దెకు ఇప్పించిన సభ్యురాలికి, పులిహోర, మైసూరుపాక్ చేసిన దంపతులకు, కరపత్రాలు ఊరికే అచ్చు వేసిన మిత్రుడికి, పోనూ 450, రానూ 450 కిలోమీటర్లు బస్సు నడిపిన మామయ్య గారికి, సంతకాల బల్ల దగ్గర నాలుగు ఆదివారాలు నిలబడ్డ ముగ్గురు అక్కయ్యలకు, ఏడ్చిన పాపకు చాక్లెట్ ఇచ్చి ఊరుకోబెట్టిన రైతుకు కృతజ్ఞతలు. ఎవరి పేరైనా మరిచి ఉంటే ఈ సభలోనే లేచి చెప్పండి, రాసుకుంటాను.

ఉప కార్యదర్శి పదవి 14 నెలలుగా ఖాళీగా ఉంది. శిబిరానికి తీసుకెళ్ళిన పెద్ద గిన్నెలు రెండు, ఒక గరిటె ఇంకా తిరిగి రాలేదు.

ఇట్లు,
కార్యదర్శి